కళ్లందిన్నె మీద ఇళ్ళు

నంద్యాల పట్టణంలో కాపురముంటున్న, కీర్తిశేషులు శేషయ్య గారి భార్యనైన ఉమామహేశ్వరమ్మ అను నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, పూర్తి తెలివితోనూ స్థిరమైన మనసుతోనూ, ఒకరి బలవంతం గానీ ప్రోద్బలం గానీ లేకుండా, నా తదనంతరం నా ఆస్తులు ఎవరికి ఎట్లా చెందాలో నిర్ణయించి రాయించిన వీలునామా ఇది.

నా గుండె బలహీనపడిన మాట నిజం. బుద్ధి బలహీనపడలేదు. నాకు వైద్యం చేసే డాక్టర్ శ్రీకాంత్ గారు ఈ పొద్దున వచ్చి చూసి, ఆ సంగతి తన చేతితో రాసిచ్చి, సాక్షిగా కూర్చున్నారు. ఆయనను పిలిపించడానికి కారణముంది. నా కొడుకు రాజశేఖర్ ఈ మధ్య నలుగురిలో "అమ్మకు వయసైపాయ, ఏం మాట్లాడతాందో ఆమెకే తెలీదు" అంటున్నట్టు నా చెవిన పడింది. ఏం మాట్లాడుతున్నానో నాకు బాగా తెలుసు. తెలుసు కాబట్టే రాయిస్తున్నాను.

దస్తావేజు రాస్తున్న జాషువా ఇప్పటికే రెండుసార్లు కలం కింద పెట్టాడు. "అమ్మా, వీలునామాలో ఆస్తులు రాస్తారు గానీ ఇట్లాంటి మాటలు రాయరమ్మా" అన్నాడు. నా వీలునామాలో రాస్తారు. చట్టానికి కావలసిన మాటలు అతనివి, మిగిలినవి నావి. రెండూ కలిపే చదువుకోండి.

1. ఇంతకుముందు, నా భర్త చనిపోయిన ఏడాదిలో, నేను రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. దానిలో పొలమంతా రాజశేఖర్‌కే రాశాను. అప్పుడు నాకు అతని మీద ఎంత ప్రేమ ఉండేదో ఇప్పుడూ అంతే ఉంది. ఇది కోపంతో మార్చి రాసింది కాదని అతనికి చెప్పాలి. అతను నమ్మడు, అయినా చెప్పాలి.

2. ఆళ్ళగడ్డ శివారున నంద్యాల రోడ్డును ఆనుకుని ఉన్న ఆరు ఎకరాల భూమి, నా పెళ్ళినాడు మా నాయన నాకు పసుపు కుంకుమల కింద రాసిచ్చినది. మా అత్తగారింటి ఆస్తి కాదు, నా భర్త సంపాదించినదీ కాదు. దాని మీద సర్వహక్కులూ నావే. "ఆడపిల్లకు రోడ్డు పక్క పొలమేందీ?" అని మా చిన్నాయన అలిగి నా పెళ్ళి భోజనం తినకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద బస్సు వస్తే పనులు ఆపి చూసేవాళ్ళం. చిన్నాయన ముందుచూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ ఆరు ఎకరాల్లో రోడ్డు వైపున్న నాలుగు ఎకరాలను ఏడేళ్ళ క్రితమే రాజశేఖర్‌కు దానపత్రం రాసి రిజిస్టరు చేయించాను. అక్కడ అతను షాపులు, కల్యాణమండపం కట్టిస్తున్నాడు. దాని సంగతి అతనిదే. మిగిలిన రెండు ఎకరాలు నేటికీ నా పేరునే ఉన్నాయి. అందులో కాంప్లెక్సు వెనక ఎత్తుగా ఉన్న ఎకరంపావును కళ్లందిన్నె అంటాం. దిన్నె దిగితే వంక ఒడ్డున పల్లంలో ఉన్న ముప్పాతిక ఎకరాను వంకమడి అంటాం. రోడ్డు నుంచి దిన్నెకూ, దిన్నె మీదుగా మడికీ ఒకటే బండిదారి. ఆ దారి హక్కును దానపత్రంలో నేను నాకే నిలుపుకున్నాను. రాజశేఖర్ ఆ పత్రాన్ని మరొకసారి తీసి చదువుకోవడం మంచిది.

3. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యతను నా కూతురు వాణికీ, ఆళ్ళగడ్డలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన జకరయ్య సారుకూ అప్పగిస్తున్నాను. ఇద్దరూ కలిసే చేయాలి, ఒకరు లేకుండా ఒకరు సంతకం పెట్టకూడదు. వాణి కర్నూలులో పిల్లలకు లెక్కలు చెబుతుంది, తొందరపడి సంతకం పెట్టే మనిషి కాదు. జకరయ్య సారు తల్లిదండ్రులు మా పొలంలో పనిచేసినవాళ్ళు. ఆయనకు ఆళ్ళగడ్డలో సొంత ఇల్లుంది, ఈ వీలునామాలో ఆయనకు గానీ ఆయన పిల్లలకు గానీ చెందేది ఏమీ లేదు. ఆయననే ఎందుకు పెట్టానని బంధువులు అడుగుతారు. నా ముఖం మీద నాతో వాదించే మనిషి ఆ ఊళ్ళో ఆయనొక్కడే. నేను పోయాక నా కొడుకుతో వాదించడానికి అట్లాంటివాడు కావాలి.

4. కళ్లందిన్నె. ఇక అసలు విషయానికి వస్తున్నాను.

మా నాయన కాలంలో మా వడ్లూ జొన్నలూ ఆ దిన్నె మీదే తూర్పారబట్టేవాళ్ళు. ఎత్తు మీద కాబట్టి గాలి బాగా ఆడేది. ఎంత వాన కురిసినా గంటలో నీళ్ళు జారిపోయి కాళ్ళకు బురద అంటేది కాదు. మా పొలంలో పనిచేసే కుటుంబాలు ఆ దిన్నె అంచున గుడిసెలు వేసుకున్నాయి. వేసుకోమన్నది మా నాయనే, కాబట్టి ఆక్రమణ అనే మాట ఎవరూ వాడకూడదు. వాళ్ళలో ఏసయ్య అనే పాలేరు కూతురు సారమ్మ ఆ గుడిసెల్లోనే పుట్టింది. ఆమెకూ నాకూ ఒకే ఈడు. నేను పెళ్ళయి నంద్యాలకు వచ్చాక కూడా, ఆ పొలంలో ఏం పండిందో ఎంత ఎండిందో నాకు చెప్పింది సారమ్మే.

రాజశేఖర్ కాంప్లెక్సు మొదలుపెట్టినప్పుడు లారీలు తిరగడానికీ, ఇనుమూ సిమెంటూ దింపడానికీ దిన్నె కావాలన్నాడు. గుడిసెలు తీస్తే ఆ పదహారు కుటుంబాలకూ ఇళ్ళ స్థలాలు ఇస్తామన్నాడు. కట్టడానికి అనుమతి అడుగుతూ పెట్టిన కాగితాల్లో కూడా అదే మాట రాసిచ్చాడు. ఇంత భూమిలో వ్యాపారానికి కడుతున్నాం గనుక, దానికి బదులుగా మా భూమిలోనే ముప్పాతిక ఎకరాకు తగ్గకుండా పేదల ఇళ్ళకు వదులుతామని. వెనకనున్న రెండు ఎకరాలు నా పేరున ఉన్నాయి కాబట్టి కింద నేనూ సంతకం చేశాను. ఎక్కడ వదులుతామో అందులో లేదు. దిన్నె మీద నుంచి లేపుతున్నాం, దిన్నె మీదే ఇస్తాం అని నేననుకున్నాను. వాళ్ళూ అట్లాగే అనుకున్నారు.

ఆ రోజు నేను ఆళ్ళగడ్డ పోయి, దిన్నె మీద నిలబడి అందరి ముందూ మాట చెప్పాను. జకరయ్య సారు పక్కనే ఉండి, ఆ మాట కాగితం మీద పెట్టి ఇంటింటికీ ఇవ్వమన్నాడు. నేను సరేననేలోపే సారమ్మ అడ్డం వచ్చింది. "కాగితమెందుకప్పా? అమ్మ ఉండాది గదా" అంది. మిగతావాళ్ళూ తలలూపారు. మా వైపు పెద్దింటి మనిషి నోటిమాట ఇస్తే కాగితం అడగడం ఆమెను అవమానించినట్టు. వాళ్ళు నన్ను అవమానించలేదు. మరుసటి వారానికల్లా తమ చేతులతోనే గుడిసెలు పీక్కున్నారు. నేనుండాను కదా అని పీక్కున్నారు. రేపు నేనుండను. అందుకే ఆనాడు రాయని కాగితం ఈనాడు రాస్తున్నాను.

ఇది జరిగి రెండేళ్ళయింది. వాళ్ళు కేసీ కాలువ గట్టున టార్పాలిన్లు కట్టుకుని ఉన్నారు. సారమ్మ కొడుకు యోహాను ఆ కాంప్లెక్సులోనే మేస్త్రీ. పగలంతా నా కొడుకు గోడలు కట్టి, సాయంత్రం టార్పాలిన్ కిందికి పోతాడు.

ఇప్పుడు రాజశేఖర్ స్థలాలు వంకమడిలో ఇస్తానంటున్నాడు. దిన్నె మాత్రం కార్లు నిలపడానికి కావాలట. "కాంప్లెక్సు పక్కన ఇండ్లుంటే షాపులకు ఎవురూ రారమ్మా. యాడిస్తే ఏందీ, ఊరికే ఇచ్చేదానికి? మట్టి తోలిచ్చి ఎత్తు చేస్తాలే" అన్నాడు. పోయిన ఏడాది వానాకాలానికి ముందు మడిలో ప్లాట్ల రాళ్ళు కూడా పాతించాడు. వంక పొంగింది. ఆ రాళ్ళలో ఒక్కటీ పైకి కనబడలేదు. నీళ్ళు తీశాక వాటిని వెతికించి, మళ్ళీ అక్కడే పాతించాడు.

ఆ మడి సంగతి నాకంటే ఎవరికి తెలుసు? మా నాయన అందులో వరి తప్ప ఇంకేదీ పెట్టలేదు. వానాకాలంలో అక్కడ పశువును కూడా కట్టనిచ్చేవాడు కాదు. పశువును కట్టని చోట పసిపిల్లలను పడుకోబెట్టమని నేను చెప్పలేను.

నా కొడుకు దుర్మార్గుడు కాదు. ఈ మాట వీలునామాలో ఉండాలి, ఎందుకంటే దీన్ని చదివినవాళ్ళు అట్లా అనుకుంటారు. అప్పు తెచ్చి కడుతున్నాడు, పొద్దున టిఫిన్ కూడా నిలబడే తింటున్నాడు. ఎంతోమందికి పని దొరికింది. అయితే అతనికి గజం ధర తెలిసినంతగా నేల తెలియదు. అతను పుట్టేనాటికి మేము నంద్యాలలో ఉన్నాం, దిన్నె మీద అతను ఆడుకోలేదు. ఆ లోటు నాదీ, మా వారిదీ.

కాబట్టి కళ్లందిన్నె ఎకరంపావూ పూర్తిగా, ఏ షరతూ లేని హక్కులతో, జత చేసిన పట్టికలో పేర్లున్న పదహారు కుటుంబాల ఇళ్ళకు ఇస్తున్నాను. ప్రతి ఇంటికీ మూడు సెంట్లు. పట్టా ఆ ఇంటి ఆడమనిషి పేరున ఉండాలి. మిగిలిన నేలలో దారులు, మురుగుకాలువలు పోను, ఒక మూల అందరికీ ఉమ్మడిగా వదలాలి. అక్కడ ప్రార్థన మందిరం కట్టుకుంటారో, పిల్లలకు బడి పెట్టుకుంటారో వాళ్ళిష్టం. నా వైపువాళ్ళెవరూ అందులో జోక్యం చేసుకోకూడదు.

నేను బతికుండగానే వాళ్ళ చేతికి పట్టాలివ్వాలని దిన్నెను ప్లాట్లుగా విడదీయడానికి దరఖాస్తు పెట్టాను. అది ఇంకా ఆఫీసులోనే ఉంది. ఆ కాగితం కదిలేదాకా నా గుండె ఓపిక పడితే ఈ అంశంతో పని లేదు, నేనే రిజిస్టరు చేస్తాను. ఓపిక పట్టకపోతే వాణీ, జకరయ్య సారూ ఆ పని పూర్తి చేయాలి. అందుకయ్యే ఖర్చు బ్యాంకులో నా పేరున ఉన్న డిపాజిట్ నుంచి తీసుకోవాలి.

5. రోడ్డు నుంచి దిన్నెకు పోయే బండిదారి ఇప్పుడున్న వెడల్పు తగ్గకుండా శాశ్వతంగా ఉండాలి. ఆ దారికి అడ్డంగా గోడ గానీ గేటు గానీ గొలుసు గానీ పెట్టకూడదు. వాచ్‌మన్‌ను నిలబెట్టి పోయేవాళ్ళను, వచ్చేవాళ్ళను పేర్లు అడిగించకూడదు. దిన్నె మీది బోరు ఆ ఇళ్ళదే. కాంప్లెక్సుకు నీళ్ళు కావాలంటే వాళ్ళను అడిగి తీసుకోవాలి.

కాంప్లెక్సుకు రాజశేఖర్ నా పేరు పెట్టాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడేటంత పెద్ద అక్షరాలు. సంతోషమే. ఆ ఇళ్ళకు మాత్రం నా పేరు పెట్టవద్దు. కళ్లందిన్నె అని ఆ చోటుకు ఎప్పటినుంచో ఒక పేరుంది.

6. నంద్యాలలో నేను కాపురముంటున్న ఇల్లు నా భర్త శేషయ్య గారు కట్టించి నా పేరున పెట్టినది. అందులో కింది భాగం రాజశేఖర్‌కు, మేడ వాణికి. మేడ మెట్లు ఇద్దరివీ. మెట్ల మీద చెప్పులు విప్పవద్దని మీ నాయన మీకు ముప్పై ఏళ్ళు చెప్పాడు, నేనూ చెప్పాను. ఇక చెప్పేవాళ్ళు లేరు కాబట్టి మీ ఇష్టం.

7. నా బంగారంలో నల్లపూసల దండ, కమ్మలు నా మనవరాలు, రాజశేఖర్ కూతురు గీతాంజలికి. మిగిలినది వాణికి. మా నాయన పొలం కొలవడానికి వాడిన ఇనుప గొలుసు కూడా గీతాంజలికే ఇస్తున్నాను. దిన్నె మీద ఇళ్ళు ఎట్లా వస్తాయో, దారులు ఎట్లా పోవాలో నాకు కాగితం మీద గీసి చూపింది ఆ పిల్లే. తండ్రి ఎదురుగానే కూర్చుని గీసింది. ఆ పూట ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. తల్లీ, ఆ గొలుసు తుప్పు పట్టింది. కొబ్బరినూనె పూసి పెట్టుకో.

8. చిన్న వస్తువులు.

నేను పడుకునే పట్టెమంచం, దాని పరుపుతో సహా సారమ్మకు. ఆమె ఈ ఇంటికి వచ్చిన ప్రతిసారీ దాని మీద కూర్చోమన్నాను. ప్రతిసారీ "ఈడ బాగుందిలేమ్మా" అని గడపలోనే కూర్చుంది. నేను చెయ్యి పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టి ఉండాల్సింది, మాటతో ఊరుకున్నాను. ఇప్పుడది నీ మంచం సారమ్మా. నీ కొత్త ఇంట్లో వేసుకుని, దాని మీద నువ్వు పడుకోవాలి. కోడలికి ఇచ్చి నువ్వు చాప మీద పడుకుంటే నేను ఒప్పుకోను.

ఇన్నేళ్ళుగా నాకు వండిపెట్టిన కమలమ్మకు వంటింట్లోని ఇత్తడి, స్టీలు సామానంతా, కుట్టుమిషనుతో పాటు. ఉప్పు ఎక్కువేస్తుందని రోజూ అరిచాను. డాక్టరు ఉప్పు మానమన్నప్పటినుంచీ ఆమె చేతి పప్పు కోసం నాలుక పీకుతూనే ఉంది.

నా ఆడబిడ్డ సుబ్బరత్నమ్మకు వెండి చెంబు మూత. తన కూతురి పెళ్ళికని నా వెండి చెంబు తీసుకుపోయింది. ఆ కూతురికి మనవరాలు కూడా పుట్టింది, చెంబు ఇంకా రాలేదు. మూత ఇన్నాళ్ళూ నా దగ్గర ఒంటరిగా ఉంది. రెండూ ఒకచోట ఉండటం మంచిది. ఈ మాట రాసేటప్పుడు నేను నవ్వుకున్నానని ఆమెకు చెప్పండి.

ఎద్దుల మెడలో కట్టే గజ్జెల పట్టీ రాజశేఖర్‌కు. నా బీరువాలో కింది అరలో తెల్లగుడ్డలో చుట్టి ఉంది. నాలుగేళ్ళ వయసులో అతను దాన్ని నడుముకు కట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. విప్పబోతే ఏడ్చేవాడు, నిద్రపోయాక విప్పేదాన్ని. నాయనా, ఆ చప్పుడు వినబడితే నువ్వు ఏ గదిలో ఉన్నావో వంటింట్లోంచే తెలిసేది నాకు.

9. రాజశేఖర్ గానీ వాణి గానీ వారి తరఫున మరెవరైనా గానీ ఈ వీలునామాను కోర్టులో సవాలు చేస్తే, సవాలు చేసినవారికి ఆరో అంశం కింద వచ్చే వాటా రద్దై, అది రెండోవారికి చెందుతుంది. ఈ అంశం రాయమని చెప్పింది జాషువా. నాకు మనసొప్పలేదు, కానీ అవసరమే అనిపించింది.

అవసరమే గానీ సరిపోదు. కోర్టు కేసు ఎన్నేళ్ళు నడుస్తుందో అందరికీ తెలుసు. సారమ్మకు అన్నేళ్ళు లేవు. కేసు నడుస్తుండగా తాత్కాలికమని చెప్పి వాళ్ళను వంకమడిలో దింపేస్తే, ఆ తాత్కాలికమే మిగిలిపోతుంది. అందుకని చివరి అంశం రాయిస్తున్నాను. దీన్ని పొద్దుటినుంచీ వాయిదా వేస్తూ వచ్చాను.

10. నా దేహం.

మా ఇళ్ళలో పోయినవాళ్ళను సొంత పొలంలోనే పూడ్చి సమాధి కడతారు. నా భర్త శేషయ్య గారి సమాధి నంద్యాల దగ్గర ఆయన పొలంలో ఉంది. దాని పక్కన నాకు చోటు వదిలి, రెంటికీ కలిపి చుట్టూ ఒకటే గట్టు కట్టించాడు రాజశేఖర్. నేను చూడటానికి పోయినప్పుడల్లా ఆ ఖాళీ చోట కూర్చుని వచ్చేదాన్ని. ఆయన పక్కన నలభై ఆరేళ్ళు బతికాను. ఎండాకాలం కరెంటు పోతే, నేను లేచేలోపే విసనకర్ర అందుకునే మనిషి. నాకు ఆయన పక్కనే పడుకోవాలని ఉంది. ఇది దాచుకునే మాట కాదు.

అయినా నన్ను అక్కడ పూడ్చవద్దు. వంకమడిలో పూడ్చండి. గట్టు మీద కాదు, ఓ మూలన కాదు, మడి నడిమధ్యన.

మా నాయన సమాధి ఇప్పుడు కాంప్లెక్సు ఆవరణలో ఉంది. ప్రహరీ గోడ దాని మీదుగా పోవాలని ఇంజనీరు ముగ్గు పోయించాడట. "తాతను కదిలిచ్చేది లేదప్పా. గోడనే వంచు" అన్నాడట రాజశేఖర్. ఇప్పటికీ ఆ గోడ అక్కడ వంకర తిరిగి ఉంటుంది. పోయినవాళ్ళను నా కొడుకు కదిలించడు. వాళ్ళ చుట్టూ ఎవరినీ ఇళ్ళు కట్టుకోనివ్వడు. బతికున్నవాళ్ళ విషయంలో ఆ పట్టింపు అతనికి ఇంకా రాలేదు, వచ్చేదాకా ఆగడానికి నాకు టైము లేదు.

సమాధి గురించిన కోర్కెకు చట్టంలో బలం లేదని, దీన్ని కోర్టు అమలు చేయించదని జాషువా చెప్పాడు. దీనికి కోర్టు అక్కర్లేదు. రాజశేఖర్ చాలు. తల్లి చివరి కోరిక కాదనే మనిషి కాదు అతను, నేను పెంచిన పిల్లవాడు. నేను మడి మధ్యన ఉంటే అక్కడ ప్లాట్లు రావు. కాంప్లెక్సు అనుమతి కాగితాల్లో ఇచ్చిన మాట ప్రకారం ముప్పాతిక ఎకరా మా భూమిలోనే ఇచ్చి తీరాలి, మిగిలేది దిన్నె ఒక్కటే. ఇది నీ మీద పన్నిన ఎత్తే నాయనా, కాదనను. ఇంతకంటే మంచిది నాకు తోచలేదు.

వంకమడిని రాజశేఖర్‌కూ వాణికీ ఉమ్మడిగా ఇస్తున్నాను. పంచుకోకూడదు, అమ్మకూడదు. సమాధి చుట్టూ వరి పెట్టుకోవచ్చు. సమాధికి ఆళ్ళగడ్డ శిల్పుల దగ్గర మామూలు నల్లరాయి పలక తీసుకుంటే చాలు. బొమ్మ చెక్కించవద్దు.

మీ నాయన పక్కనున్న ఖాళీ చోట ఏదైనా పూలచెట్టు పెట్టండి. ఆయన నన్ను ఏమీ అనడు. ఆయన బతికి ఉంటే ఈ వీలునామా రాసే అవసరమే వచ్చేది కాదు.

వానాకాలంలో వంక పొంగితే నా మీదికి నీళ్ళు వస్తాయి. రానివ్వండి. పిల్లలను చంకనేసుకుని, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని పరిగెత్తే పని నాకు లేదు.

రాజశేఖరా, ఏడాదికోసారి నన్ను చూడటానికి నువ్వు వస్తావు. తప్పకుండా వస్తావు, నాకు తెలుసు. మడికి వేరే దారి లేదు. కళ్లందిన్నె మీదుగా, వాళ్ళ ఇళ్ళ మధ్యనుంచే నడిచి రావాలి. బండి రోడ్డు మీదే వదిలి రా. ఎవరైనా పిలిచి మంచినీళ్ళిస్తే, నిలబడి కాకుండా, లోపలికి పోయి కూర్చుని తాగు. ఆ తర్వాతే నా దగ్గరికి రా.

పైన రాసినదంతా జాషువా నాకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించగా, ప్రతి మాటా నాదేనని ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట చేవ్రాలు చేసి, ఎడమ బొటనవేలి ముద్ర కూడా వేశాను.

తేదీ: 2025 నవంబర్ 17, కార్తీక సోమవారం
స్థలం: నంద్యాల

(చేవ్రాలు) ఉమామహేశ్వరమ్మ
భర్త: కీర్తిశేషులు శేషయ్య

సాక్షులు:
ఉమామహేశ్వరమ్మ గారు మా కళ్ళెదుట, తెలివిగా మాట్లాడుతూ, తన చేతితో సంతకం చేశారు. ఆమె ఎదుటే మేమూ సంతకాలు చేశాము. ఈ వీలునామా వల్ల మాకు చెందేది ఏదీ లేదు.

1. డాక్టర్ శ్రీకాంత్, నంద్యాల
2. అజయ్ కుమార్, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, నంద్యాల

దస్తావేజు రాసినది: జాషువా, దస్తావేజు లేఖరి, నంద్యాల